పులుపు ఎప్పుడు పొయ్యాలి?

పిల్లలూ! కంచంలో కూరముక్కలు ఏరి ఒక పక్కకు నెట్టే అలవాటు మీలో ఎంతమందికి ఉన్నది? అలా నెట్టిన ముక్కలు చివరకు కుడితితొట్టిలో పడతాయి. అమ్మ పడిన శ్రమా, కూరలోని బలమూ రెండూ దూడ పాలవుతాయి. పాపం, తప్పు కూరది కాదు. చాలాసార్లు అందులో ఏది ముందు వెయ్యాలో, ఏది వెనుక వెయ్యాలో చూసుకోకపోవడమే కారణం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పులుసు కాచని వంటిల్లు ఉండదు. చింతపండు రసం ఎప్పుడు పొయ్యాలని మీ అవ్వను అడిగి చూడండి. "ముక్క ఉడికినాకనే నాయనా!" అంటుంది. ఎందుకో తెలుసా?

కాయలూ దుంపలూ కంటికి కనిపించనంత చిన్న చిన్న కణాలతో తయారైనవి. గోడలో ఇటుకలను సున్నం పట్టి ఉంచినట్లు, ఈ కణాలను పెక్టిన్ అనే పదార్థం అంటిపెట్టి ఉంచుతుంది. 1825లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో దానికి ఆ పేరు పెట్టాడు. నీళ్ళు మరిగేటప్పుడు పెక్టిన్ కొంత కరుగుతుంది; కణాల పట్టు సడలి ముక్క మెత్తబడుతుంది. కాని పులుపు తగిలితే పెక్టిన్ అంత సులభంగా కరగదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉన్నది కదా! అందుకే ముందుగా పులుసు పోస్తే ముక్క చాలాసేపు గట్టిగానే ఉండిపోతుంది. కందిపప్పు సంగతీ ఇంతే.

నమ్మకం కలగలేదా? అయితే పరీక్ష చేసి చూడండి. మన వైపు ఉర్లగడ్డ అంటామే, ఆ బంగాళాదుంపను ఒకే కొలతలో చిన్న ముక్కలుగా కోయించండి. ఒక గిన్నెలో మంచినీళ్ళు, రెండవ దానిలో చిక్కని చింతపండు రసం పోసి, రెండింటిలోనూ సమంగా ముక్కలు వెయ్యండి. పొయ్యి దగ్గర పని మాత్రం అమ్మ చేతనే చేయించాలి. పది నిమిషాలు ఉడికిన తరువాత ముక్కలను చెంచాతో నొక్కండి. తేడా మీకే తెలుస్తుంది.

మరి పులుపు కూరకు శత్రువా? కానే కాదు. చేమదుంప మెత్తబడిన తరువాత పులుసు పోస్తే, ముక్క చితికిపోకుండా నిలబెట్టేది ఆ పులుపే. బెండకాయ జిగురును తగ్గించేదీ అదే.

ఇక మన పులగూర చూడండి. ఆకులు పలుచన గనుక త్వరగా మెత్తబడతాయి. పులుపు వాటికి అంతగా అడ్డు రాదు. రంగు మాత్రం మారుతుంది. ఆకులోని పచ్చదనానికి పత్రహరితం కారణం. అందులోని మెగ్నీషియాన్ని ఆమ్లం తొలగించడం వల్ల ఆకు కాస్త నల్లబారుతుంది. అది చూసి ముఖం చిట్లించకండి, రుచి ఎక్కడికీ పోదు! ఆకు ఉడికిన నీళ్ళు పారబోయకుండా అందులోనే ఎనపాలి. విటమిన్ సి కొంత ఆ నీటిలోకి దిగి ఉంటుంది.

చివరగా తిరగమాత. ఆకుకూరల్లోని కెరోటిన్ నుంచి మన శరీరం విటమిన్ ఏ తయారు చేసుకుంటుంది. అది ఒంటికి పట్టాలంటే కొద్దిగా నూనె తోడు కావాలి. మన చేలల్లో పండే చెనిక్కాయలను వేయించి, పొడి కొట్టి చల్లినా ఆ పని జరుగుతుంది, కూరకు కమ్మదనమూ వస్తుంది.

ఈ ఆదివారం వంటింట్లోకి వెళ్ళి అమ్మకు కూరలు కడిగి ఇవ్వండి. ఏది ముందు వేస్తున్నదో, ఏది వెనుక వేస్తున్నదో చూసి పుస్తకంలో రాసుకోండి. ఆ పూట కంచంలో ముక్కను పక్కకు నెట్టే ముందు, ఒక్కటి నోట్లో వేసుకొని చూడండి.