పిల్లల దగ్గరికి అమెరికా: ఎన్నాళ్లుంటే లెక్క కుదురుతుంది?

"అమ్మానాన్నలకి పదేళ్ల వీసా వచ్చింది" అనగానే ఎదుటివాళ్లు అడిగేది ఒకటే: "అయితే ఎన్నాళ్లుంటారు?" చాలా ఇళ్లలో జవాబూ ఒకటే: "ఆరు నెలలు. ఇస్తున్నప్పుడు ఎందుకు వదులుకోవడం?" అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రుల ప్రయాణంలో అన్నిటికన్నా ముందు ఖాయమయ్యే అంకె ఈ ఆరు. నిజానికి అది అన్ని లెక్కలూ అయ్యాక తేలాల్సిన అంకె. బీమా, మందులు, పిల్లల సెలవులు... ఒక్కొక్కటీ విడిగా వేసి చూస్తే, కాన్పు లాంటి అవసరం లేనప్పుడు మూడు నెలల దగ్గరే అన్నీ కుదురుతాయి.

ఈ లెక్క ఇప్పుడు వీధికో ఇంటిది. 2010-2017 మధ్య అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగేనని సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అక్కడి జనగణన సమాచారం ఆధారంగా తేల్చింది. ఆ ఏడేళ్లలో మాట్లాడేవారు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటారు.

185 డాలర్లు: వచ్చినా రాకపోయినా

సందర్శకుల వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్ 17 నుంచి 185 డాలర్లు. అంతకుముందు 160 ఉండేది. డాలరు 90 రూపాయలనుకుంటే మనిషికి 16,650, దంపతులకు 33,300 రూపాయలు. వీసా రాకపోయినా ఈ డబ్బు వెనక్కి రాదు. 2025 జులై 4న అధ్యక్షుడి సంతకం పడిన చట్టంలో, వీసా మంజూరైనవారి నుంచి మరో 250 డాలర్లు తీసుకోవాలని ఉంది. అదీ కలిస్తే ఇద్దరికీ 870 డాలర్లు, అంటే 78,300 రూపాయలు. దరఖాస్తు పెట్టే రోజున ఏది అమల్లో ఉందో చూసుకుని కట్టాలి.

హైదరాబాద్‌లో రెండుసార్లు హాజరవ్వాలి. మొదట వేలిముద్రలు, ఫొటో. తర్వాత నానక్‌రామ్‌గూడలో 2023 మార్చిలో తెరిచిన కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. తెలుగులో మాట్లాడినా ఫర్వాలేదు. ఫైలు ఎంత లావున్నా అడిగేవి మాత్రం నాలుగే ప్రశ్నలు: ఎవరి దగ్గరికి, అబ్బాయి ఏం చేస్తాడు, ఎన్నాళ్లుంటారు, ఇక్కడ ఎవరున్నారు. ఆ చివరి ప్రశ్నకే బరువెక్కువ. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు అక్కడే స్థిరపడిపోతారని అధికారి ముందే అనుకోవాలి. కాదని చూపించుకోవాల్సింది మనమే. ఇల్లు, పొలం, పింఛను, ఇక్కడే ఉన్న ఇంకో బిడ్డ... ఇవన్నీ తిరిగొస్తారనడానికి సాక్ష్యాలు.

ఇంటర్వ్యూ తేదీ దొరకడం వేరే కథ. కొవిడ్ తర్వాత మన దేశంలో సందర్శకుల వీసాకు నిరీక్షణ సగటున 1,000 రోజులకు చేరింది. 2023లో సిబ్బందిని పెంచి దాన్ని 250కి తెచ్చామని అమెరికా రాయబార కార్యాలయం ప్రకటించింది. అందుకే మొదటిసారి వెళ్లేవారు తేదీ చేతికొచ్చాకే మిగతా ఏర్పాట్లు చేసుకోవడం మేలు. పాత వీసా ఉన్నవారికీ 2025 సెప్టెంబర్ 2 నుంచి నిబంధన మారింది: గడువు తీరిన 12 నెలల్లోపు రెన్యువల్‌కు వెళ్తేనే ఇంటర్వ్యూ మినహాయింపు అడగొచ్చు. 79 ఏళ్లు దాటినవారికి వయసును బట్టి ఇచ్చే మినహాయింపు పోయింది.

10 ఏళ్లు వేరు, 6 నెలలు వేరు

పదేళ్ల వీసా అంటే పదేళ్లపాటు ఎన్నిసార్లయినా అమెరికా గుమ్మం దాకా వెళ్లొచ్చని అర్థం. లోపల ఎన్నాళ్లుండాలో తేల్చేది విమానాశ్రయంలోని అధికారి. ఆయన ఇచ్చే గడువు ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. మామూలుగా ఆరు నెలలే ఇస్తారు. ఏప్రిల్ 10న దిగితే అక్టోబర్ 9 అన్నమాట. విమానంలో వెళ్లేవారికి 2013 నుంచి కాగితం ముక్క ఇవ్వడం లేదు. దిగిన మర్నాడే ఆన్‌లైన్‌లో ఆ తేదీ చూసి ప్రింటు తీసుకోవడం పిల్లల పని.

ఆ తేదీ ఒక్కరోజు దాటినా పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి దాటి ఉండిపోయి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది అంతకుమించితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. అనారోగ్యమో మరొకటో వచ్చి ఉండాల్సి వస్తే గడువు తీరకముందే ఐ-539 దరఖాస్తు పెట్టాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టమని అక్కడి వలస శాఖ సూచన. 2024 ఏప్రిల్ నుంచి దీని రుసుము ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీదైతే 470.

ఒకసారి వెళ్లొచ్చాక మళ్లీ ఎన్నాళ్లకు వెళ్లొచ్చు? చట్టంలో ఫలానా వ్యవధి అని లేదు. కానీ ఏటా ఆరేసి నెలలు అక్కడే గడుపుతున్నట్టు కనిపిస్తే "మీరు ఉండేది ఇక్కడా, అక్కడా?" అనే ప్రశ్న తప్పదు. మూడు నెలలుండి వచ్చినవారికి ఆ ఇబ్బంది తక్కువ.

90 రోజుల మందులు

వెంట తెచ్చుకునే మందులు 90 రోజులకు మించకుండా, డాక్టరు చీటీతో, కొన్న ప్యాకింగ్‌లోనే ఉండాలని అమెరికా కస్టమ్స్ సూచన. ఆరు నెలలుండేవారికి బీపీ, షుగర్ మాత్రలు సగంలో అయిపోతాయన్నమాట. అక్కడి డాక్టరు రాయనిదే షాపులో మాత్ర ఇవ్వరు. అలా చూపించుకోవడానికయ్యే ఫీజు విజిటర్ ఇన్సూరెన్స్‌లో సాధారణంగా రాదు.

ఆ బీమా ప్రీమియం రోజుల లెక్కన ఉంటుంది కాబట్టి 180 రోజులకు 90 రోజుల దానికి రెట్టింపు. వయసుతోపాటు ప్రీమియం పెరుగుతుంది, ఇచ్చే గరిష్ఠ మొత్తం తగ్గుతుంది. పాలసీలు ముఖ్యంగా రెండు రకాలు. చౌకరకంలో ఒక్కో చికిత్సకు ఇంత అని కట్టేసి ఉంటుంది, మిగతాది మనదే. రెండో రకంలో బిల్లును బట్టి ఇస్తారు. ఉదాహరణకు మొదటి 250 డాలర్లు మనవి, ఆ తర్వాతి 5,000లో 20 శాతం మనది, ఆపైన అంతా కంపెనీది అనుకుందాం. 6,000 డాలర్ల బిల్లొస్తే మన చేతి నుంచి పోయేది 1,250. ముందునుంచీ ఉన్న జబ్బులకు మాత్రం రెండు రకాల్లోనూ షరతులే షరతులు. హఠాత్తుగా ముదిరితేనే ఇస్తామనే పాలసీలే ఎక్కువ. కొనేముందు చదవాల్సిన పేజీ అదొక్కటే.

23 కిలోల పెట్టె

పెట్టెకు 23 కిలోలు, మనిషికి రెండు పెట్టెలు అన్నది అమెరికా టికెట్లలో బాగా కనిపించే లెక్క. చవక టికెట్లలో ఒక్క పెట్టే ఉండొచ్చు. ప్రయాణానికి ముందురోజు రాత్రి హాలు మధ్యలో పెట్టె తెరిచి, కొక్కేనికి తగిలించే చిన్న కాటాతో తూచి, 23.8 అని చూపించగానే అరిసెల డబ్బా తీయాలా, ఆవకాయ తీయాలా అని తర్జనభర్జన పడని ఇల్లుండదు.

బరువు కన్నా కస్టమ్స్ లెక్క గట్టిది. మామిడికాయ, గోంగూర పచ్చళ్లకు సాధారణంగా ఇబ్బంది లేదు. కోడి, మటన్ పచ్చళ్లు కుదరవు. పచ్చి కరివేపాకూ కుదరదు, ఎందుకంటే నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దానిమీదా బతుకుతుంది. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయంతో బియ్యం, ఎండు శనగలనూ మన దేశం నుంచి లగేజీలో రానివ్వరు. తిండి ఏది తెచ్చినా చెప్పాలి. చెబితే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. దాచి దొరికితే తొలిసారికే వెయ్యి డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. ఇంటిల్లిపాదికీ కలిపి 10,000 డాలర్లకు మించిన నగదు ఉన్నా చెప్పాల్సిందే.

52 సెలవు రోజులు

అసలు లెక్క ఇది. ఆరు నెలలంటే 26 వారాలు. అందులో శని, ఆదివారాలు 52. మిగిలిన 130 రోజులూ కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవలు బడికి. అమెరికాలో జీతంతో కూడిన వార్షిక సెలవు ఇన్ని రోజులు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం లేదు. ఎన్ని రోజులన్నది కంపెనీ ఇష్టం. కారు నడపలేని పెద్దవాళ్లు చాలా ఊళ్లలో కాలనీ దాటలేరు. మంచు పడే రాష్ట్రాల్లో నవంబర్ దాటితే ఆ నడకా ఉండదు. జూన్, జులైల్లో బడి సెలవులు కలిసొచ్చేలా 13 వారాలు వెళ్తే పిల్లలతో గడిపే రోజులు పెద్దగా తగ్గవు, ఒంటరి రోజులు మాత్రం సగానికి పడిపోతాయి.

మరీ నెల రోజులైతే? వేసవిలో న్యూయార్క్‌కు మనకు తేడా 9:30 గంటలు, డాలస్‌కు 10:30, కాలిఫోర్నియాకు 12:30. శరీరం రోజుకు దాదాపు ఒక గంట చొప్పున సర్దుకుంటుందంటారు. నిద్ర కుదురుకోవడానికే పది రోజులు పోతే చేతిలో మిగిలేది మూడు వారాలు.

ఆరు నెలలు ఎప్పుడు తగును?

కాన్పుకి. 1993 నాటి చట్టం ప్రకారం అర్హత ఉన్న ఉద్యోగులకు దొరికేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. అందుకే మనవాళ్లు వంతులు వేసుకుంటారు: అమ్మమ్మవాళ్లు ఆరు నెలలు, వాళ్లు తిరిగొచ్చేలోపు నానమ్మవాళ్లు ఆరు నెలలు. బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా గట్టెక్కుతుంది. డేకేర్‌లో వేయడానికి అప్పటికి కాస్త ధైర్యం వస్తుంది. ఇలా వెళ్లేవారు మందుల సంగతి బయల్దేరేముందే తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే నవంబర్‌లో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం సంగతి కూడా. 80 దాటినవారు దాన్ని అక్టోబర్ 1 నుంచే ఇచ్చేయొచ్చు.

మిగతావాళ్లు తిరుగు టికెట్‌ను మూడు నెలలకు, తేదీ మార్చుకునే వీలున్న రకంలో తీసుకుంటే సరి. మనసు పడితే నెల పొడిగించుకోవచ్చు, ఐ-94 గడువు ఎలాగూ ఉంటుంది. పదేళ్ల వీసాలో రెండేళ్లకోసారి మూడు నెలల చొప్పున వెళ్లొచ్చినా ఐదు ప్రయాణాలవుతాయి. అన్నీ ఒక్కసారే చూసి రావాల్సిన తొందరేమీ లేదు.