టోకెన్ తిరిగి ఇచ్చామా?

మొన్న సెలవులకు రామగిరి వెళ్లినప్పుడు అమ్మ ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్ చూస్తుంటే, లింక్డ్ డివైసెస్‌లో ఒక విండోస్ కంప్యూటర్ కనిపించింది. మా ఇంట్లో కంప్యూటరే లేదు! అడిగితే తెలిసింది: చెల్లి అడ్మిషన్ కాగితాలు ప్రింట్ తీయడానికి నెట్ సెంటర్‌కి వెళ్లి, క్యూఆర్ స్కాన్ చేసి, లాగౌట్ చేయకుండా వచ్చేశారంట. ఆధార్, మార్కుల మెమో, నాన్న పాస్‌బుక్ ఫోటో, ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా చూడొచ్చు. వెంటనే లాగౌట్ కొట్టాను.

ఇంతకీ ఇలాంటి లిస్టు ఎలా తయారవుతుంది? వాట్సాప్ ఏర్పాటు కాస్త వేరు, అక్కడ ప్రతి డివైస్‌కీ సొంత తాళంచెవి ఉంటుంది. మామూలు వెబ్‌సైట్ల సంగతి చెప్తాను.

హెచ్‌టీటీపీకి మతిమరుపు. ప్రతి రిక్వెస్టూ దానికి కొత్త మనిషే. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి కుకీని కనిపెట్టాడు. లాగిన్ అవగానే సర్వర్ ఒక సెషన్ ఐడీ ఇస్తుంది, బ్రౌజర్ దాన్ని ప్రతిసారీ చూపిస్తుంది.

మా ఊళ్లో ఒకప్పుడు బంగారు గనులు ఉండేవి. గనుల్లో దిగేవాళ్లకు టోకెన్ ఇచ్చి, పైకొచ్చాక వెనక్కి తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఎన్ని టోకెన్లు తిరిగి రాలేదో, అంతమంది లోపలున్నట్టు. సెషన్ కూడా అంతే.

జాంగోలో సెషన్ టేబుల్‌కి మూడే కాలమ్స్: కీ, డేటా, గడువు తేదీ. యూజర్ ఎవరో డేటా లోపల దాగి ఉంటుంది. కాబట్టి ఒక యూజర్ సెషన్లు కావాలంటే గడువు తీరని వరుసలన్నీ తీసి, ఒక్కొక్కటి డీకోడ్ చేసి వెతకాలి. వేలల్లో ఉంటే నత్తనడకే. మేలైన దారి ఏంటంటే, యూజర్ ఐడీ, డివైస్, ఐపీ, చివరిగా కనిపించిన సమయం పెట్టి మనమే ఇంకో టేబుల్ రాసుకోవడం.

ఇక్కడే ఒక మెలిక. ట్యాబ్ మూసేస్తే ఆ సంగతి సర్వర్‌కి తెలీదు. టోకెన్ జేబులో వేసుకుని ఇంటికెళ్లినట్టే. జాంగోలో మనం మార్చకపోతే గడువు రెండు వారాలు. అందుకే "యాక్టివ్" అన్నది ఒక అంచనా మాత్రమే, చివరి సమయాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి. ఊరి పేరునీ పూర్తిగా నమ్మొద్దు. ఐపీని బట్టి చెప్పేది కాబట్టి, ధర్మవరంలో ఉన్నా బెంగళూరు అని చూపించొచ్చు.

లాగౌట్ నొక్కితే జాంగో ఆ వరుసనే చెరిపేస్తుంది. తర్వాత పాత టోకెన్ చూపించినా లోపలికి రానివ్వదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్‌లో ఆ లిస్టు ఒక్కసారి తెరిచి చూడండి. రెండు నిమిషాల పని.