విహారనౌకలు - రేవు పట్టణములు

రేవు అను మాట జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారికి సముద్రమును స్ఫురింపజేయదు. చాకిరేవు, పడవరేవు, కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలు కలియు చోటనున్న స్నానపు రేవు - మనకు తెలిసినవి ఇవియే. ఐనను 2025 మే మాసమున సరస్వతీ పుష్కరములకు కాళేశ్వరము వెళ్లిన శ్రోతలు ఒక సంగతి గమనించియే యుందురు. బండి దిగిన యాత్రికుడు స్నానఘట్టమునకు ఏ దారిన నడచునో, ఆ దారి ప్రక్కనున్న కొబ్బరికాయల అంగడికి బేరము; పై వీథిలోని అంగడికి లేదు. దారి మార్చినచో బేరమును మారును. ఈ చిన్న సంగతిని మనసున నుంచుకొని వెస్టిండీసు ద్వీపముల వరకు పోయి వత్తము.

అమెరికాలోని ఫ్లోరిడా రేవులనుండి కరీబియన్ సముద్రముమీద విహారనౌకలు తిరుగుచుండును. విహారనౌక సరుకు మోయునది కాదు. మనుష్యులను ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చుటయు దాని పని కాదు. అది నీటిపై తేలు హోటలు. ఉదయమున ఒక ద్వీపమువద్ద ఆగి సాయంకాలమున కదలిపోవును. ప్రయాణికుడు నేలమీద నుండునది ఏడెనిమిది గంటలు. ఆ కొద్ది సేపటిలో అతడు వెచ్చించు సొమ్మును ఆశించియే ద్వీపములవారు నౌకలను పిలుచుకొందురు.

పూర్వము నౌక దూరమున లంగరు వేసి, చిన్న పడవలలో జనమును దింపెడిది. 2009లో యాత్రలు ఆరంభించిన 'ఒయాసిస్ ఆఫ్ ది సీస్' అను నౌక పొడవు 360 మీటర్లు. అందులో 5,000 మందికి పైగా ప్రయాణికులు పట్టుదురు. ఇందరిని పడవలలో దింపి ఎక్కించుటకు ఒక పూట చాలునా? లోతు త్రవ్విన కాలువ, పొడవైన ధక్కా కావలెను. చిన్న ద్వీపపు బొక్కసము ఆ వ్యయమును భరింపలేదు. కాబట్టి నౌకల కంపెనీలే ధనముతో ముందుకు వచ్చినవి. జమైకాలోని ఫాల్మత్ రేవును రాయల్ కరీబియన్ కంపెనీయు, ఆ దేశపు రేవుల సంస్థయు కలిసి నిర్మించి 2011లో తెరచిరి. కార్నివాల్ కంపెనీ 2006లో గ్రాండ్ టర్క్ ద్వీపమునను, 2015లో డొమినికన్ రిపబ్లిక్‌నందు ఆంబర్ కోవ్ వద్దను రేవులు కట్టి, 2025 జూలైలో బహామా ద్వీపములందు దాదాపు 60 కోట్ల డాలర్ల వ్యయముతో 'సెలబ్రేషన్ కీ' అను తీరమును తెరచినది. అసలు ద్వీపమునే కొనినవారును కలరు: నార్వీజియన్ కంపెనీ 1977లో బహామాలలోని గ్రేట్ స్టిరప్ కే అను దీవిని సంపాదించినది.

ఇంత ధనము పోయుట ధర్మకార్యము కాదు. తన రేవున అంగడి అద్దె తనది. ఇసుకమీద కుర్చీకి, పానీయమునకు వచ్చు రాబడియు తనదే. ప్రయాణికుడు నౌకనుండి దిగును గాని కంపెనీ చేతిసంచినుండి దిగడు. దూరపు బస్సును డ్రైవరు తనకు భోజనము ఉచితముగ పెట్టు హోటలువద్దనే ఆపుట మనమెరుగనిదా? ప్రక్క ఊరి పూటకూళ్లవాడు ఎంత రుచిగా వండినను ఆ బస్సు అక్కడ ఆగదు.

ఐతే కంపెనీని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఫాల్మత్ ఒకప్పుడు చక్కెర ఎగుమతులతో వర్ధిల్లి పిదప చితికిన పట్టణము. రేవు లేనిచో అంత పెద్ద నౌక అటు తొంగిచూడదు. నౌక వచ్చినది, కొందరికి పనియు దొరికినది. కాని అంగళ్లు రేవు గోడలోపల వెలసినవి. ఊరి వర్తకులు గోడవెలుపల నిలిచిరి. దిగినవారిలో పలువురు కంపెనీ అమ్మిన టిక్కెట్లతో బస్సులెక్కి ఊరు దాటి పోయిరి. పట్టణమువారి మొర ఇదియే.

బేరమాడుటలోను బలము నౌకదే. ద్వీపము కదలదు, నౌక కదలును. 1999లో గ్రెనడా ప్రభుత్వము చెత్త తొలగించు ఖర్చునకై తలకు ఒకటిన్నర డాలరు సుంకము కోరగా, కార్నివాల్ తన నౌకలను ఆ ద్వీపమునకు పంపుట మానుకొన్నది.

ఇక మన తీరము. విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. అచ్చట విహారనౌకలకై 96 కోట్ల రూపాయలతో కట్టిన ప్రయాణికుల భవనమును, ధక్కాను 2023 సెప్టెంబరులో ప్రారంభించిరి. ఆ ధనము కేంద్ర పర్యాటక శాఖది, రేవు యాజమాన్యమువారిది. నౌకల కంపెనీది కాదు. విశాఖకు 2022 జూన్‌లో వచ్చిన 'కార్డీలియా ఎంప్రెస్' 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అను పేరుతో పుట్టి, బహామా యాత్రలకై రాయల్ కరీబియన్ వారు నడపిన నౌకయే యగుట విచిత్రము! 2024లో 'ది వరల్డ్' అను విదేశ నౌకయు వచ్చినది.

చిక్కు ఇచ్చటనే యున్నది. కంపెనీ కట్టిన రేవునకు కంపెనీ తన నౌకలను తానే పంపును, కాని సొమ్ము గోడలోపలనే తిరుగును. ప్రభుత్వము కట్టిన రేవున వాకిలి ఊరివైపు తెరచియుంచవచ్చును, కాని నౌక వచ్చి తీరవలెనను కట్టుబాటు ఎవరికిని లేదు. రెంటిలో రెండవదానినే నేను మెచ్చుకొందును. ఖాళీగానున్న ధక్కాకు నౌకను రప్పింపవచ్చును గాని, ఒకమారు కట్టిన గోడను పడగొట్టుట కష్టము.

సముద్రమునకు ఇంత దూరమున నున్న మనకు దీనితో నేమి పని యందురా? జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడి రేకుపై బొమ్మలు తీర్చు విశ్వకర్మలు కలరు. కాకతీయులనాటి రథములకు రేకులు తొడిగినది వారి పూర్వులేయని ప్రతీతి. జనగామ, మహబూబాబాదుల మీదుగా రైలు మార్గమున వారి సరుకు విశాఖ చేరవచ్చును. చేరిన పిమ్మట ప్రయాణికుని కంట పడునా, పడదా యన్నది రేవులోపలి అంగళ్లను ఎవరికి, ఎంత అద్దెకు ఇత్తురను దానిపై నున్నది. చేతిపనివారికి ఇన్ని అంగళ్లని, వాకిటినుండి బజారునకు నడకదారి యని, తలసుంకములో పట్టణమునకు ఇంత భాగమని ముందే వ్రాసికొనవలెను. నౌకలు అరుదుగా వచ్చు కాలమే ఇందుకు అనువైనది. వారమునకొక నౌక వచ్చు దినమున ఆ అంగళ్ల అద్దె పెంబర్తివారికి అందదు.