సారు షష్టిపూర్తికి సంచిక

గోల్నాక, అంబర్‌పేటల వైపు నుంచి విద్యానగర్ మీదుగా వచ్చి ఎన్‌సీసీ గేటు దగ్గర ఉస్మానియా క్యాంపస్‌లోకి మళ్లితే, ఆర్ట్స్ కాలేజీ దాటుకుని తార్నాకలో తేలవచ్చు. ఆచార్యులు, శాస్త్రవేత్తలు, వాళ్ల చేతికింద పని నేర్చుకున్నవాళ్లు తరాలుగా తిరుగుతున్న దారి ఇది. ఇక్కడ కూడా పెద్దసారు పుట్టినరోజంటే శాలువా, పూలదండ, ఇప్పుడైతే కేకు, ఫ్లెక్సీ.

పై అధికారి పుట్టినరోజును తోటివాళ్లు ఎలా జరుపుతారన్నది ఈ వారానికి సంపాదకులు అప్పగించిన అంశం. వెతికితే శాలువాల కబుర్లకు కొదవ లేదు. అన్నిటినీ పక్కన పెట్టించినవి మాత్రం రెండు పుస్తకాలు. ఒకటి 1968 నాటిది, ఇంకొకటి 1991 నాటిది. మొదటిదాన్ని కూర్చిన మనిషికే రెండోది కానుకగా అందింది. ఆయన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి.

ఒంగోలులో 1928 జూన్ 19న పుట్టిన కృష్ణమూర్తి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదివి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1957లో పీహెచ్‌డీ తీసుకున్నారు. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ పగ్గాలు పట్టారు. 1986లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా వెళ్లేదాకా ఆ శాఖే ఆయన లోకం.

ఆయన గురువుగా భావించిన మరే బి. ఎమెనో కెనడాలో పుట్టారు, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆచార్యుడు. 1930లలో నీలగిరులకు వచ్చి తోడ, కోత భాషలను అవి మాట్లాడేవాళ్ల నోటి నుంచే రాసుకున్న మనిషి. థామస్ బరోతో కలిసి 1961లో ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చారు. 1964లో ఆయనకు అరవై నిండాయి. శిష్యుడు ఊరుకోలేదు. దేశదేశాల పండితుల చేత వ్యాసాలు రాయించి, కూర్చి, 1968లో 'స్టడీస్ ఇన్ ఇండియన్ లింగ్విస్టిక్స్' పేరుతో వెలువరించారు. పుణె డెక్కన్ కాలేజీ, అణ్ణామలై విశ్వవిద్యాలయం కలిసి ప్రచురించాయి. దాని పేరులోనే 'ప్రొఫెసర్ ఎం.బి. ఎమెనో షష్టిపూర్తి సంచిక' అని ఉంటుంది. బర్క్‌లీ ఆచార్యుడికి మన ఇళ్లలో తాతలకు చేసే వేడుక పేరు పెట్టడంలో ఎంత ఆప్యాయత ఉందో!

సంపాదకుడిగా రెండు మంచి మాటలు ముందుమాటలో రాసి సరిపెట్టుకోవచ్చు. కృష్ణమూర్తి తన వంతుగా ద్రావిడ భాషల సర్వనామాలపై పరిశోధన వ్యాసం ఇచ్చారు. చిక్కు ఏమిటంటే, ప్రాచీన తమిళంలో 'యాన్', ఈనాటి తమిళంలో 'నాన్'. తెలుగు కావ్యాల్లో 'ఏను', మన నోట 'నేను'. మాట మొదట్లోని ఆ నకారం ఎక్కడి నుంచి వచ్చింది? అది మొదటి నుంచీ ఉన్నది కాదనీ, వినేవాళ్లను కూడా కలుపుకుని చెప్పే 'మనం' అనే అర్థం గల పాత రూపం నుంచి తరువాతి కాలంలో వచ్చి చేరిందనీ కృష్ణమూర్తి వాదన. పదహారు, పదిహేడు పుటల్లో ఒక్కొక్క భాషనే పిలిచి సాక్ష్యం అడిగినట్టు సాగుతుందా పరిశీలన. తాను కష్టపడి తేల్చిన విషయాన్ని, బాగోగులు తూచగల పెద్దాయన ముందు పెట్టారు. దీన్ని మించిన పుట్టినరోజు శుభాకాంక్ష ఉంటుందా?

కాలం తిరిగి వచ్చింది. కృష్ణమూర్తి పుట్టినది విభవ నామ సంవత్సరం. 1988లో మళ్లీ విభవ, అంటే ఆయనకూ షష్టిపూర్తి. ఈసారి కూర్చే పని బి. లక్ష్మీబాయి, బి. రామకృష్ణారెడ్డి భుజాన వేసుకున్నారు. 'స్టడీస్ ఇన్ ద్రావిడియన్ అండ్ జనరల్ లింగ్విస్టిక్స్' 1991లో ఉస్మానియా ప్రచురణగా వచ్చింది.

ఇక్కడ తేదీలు చూడాలి. 1991 నాటికి కృష్ణమూర్తి ఉస్మానియాను విడిచి ఐదేళ్లు. ఆయన సంతకంతో ఆ శాఖలో ఎవరికీ ప్రమోషన్ రాదు, సెలవు మంజూరు కాదు. అయినా ఆ ఇద్దరూ పాత సారు కోసం అచ్చుపని నెత్తికెత్తుకున్నారు. కుర్చీలో ఉన్నవాళ్లకు జరిగే సన్మానాలు ఎన్ని చూసినా కలగని నమ్మకం ఈ ఒక్క పుస్తకం చూస్తే కలుగుతుంది.

పెద్దలకు వ్యాస సంపుటం సమర్పించే ఈ ఆనవాయితీ చరిత్ర క్లుప్తంగా చెప్పాలంటే, జర్మనీ విశ్వవిద్యాలయాల్లో పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. పుణెలో 1917 జూలై 6న, ఆర్.జి. భండార్కర్ ఎనభయ్యో పుట్టినరోజున, ఆయన పేరిట పరిశోధన సంస్థనే మొదలుపెట్టారు, వ్యాస సంపుటమూ సమర్పించారు. తెలుగువాళ్లు గిడుగు రామమూర్తి పంతులుకు డెబ్బై ఏళ్లు నిండిన 1933లో 'వ్యాస సంగ్రహము' ఇచ్చుకున్నారు.

అన్ని సన్మాన సంచికలూ ఇంత గొప్పవని కాదు. పత్రికలు తిప్పి పంపిన వ్యాసాలకు ఆశ్రయమిచ్చినవీ, సగం పుటలు పొగడ్తలతో నిండినవీ చాలానే ఉన్నాయి. పొగడ్తను తగ్గించి పని చూపించినవే నాలుగు కాలాలు నిలుస్తాయి. 1968 నాటి ఆ సర్వనామాల వ్యాసాన్ని ద్రావిడ భాషలపై పనిచేసేవాళ్లు ఆ తర్వాత కూడా వెతుక్కుని చదివారు.

రైతు నోటి మాట

ఎమెనో కొండల్లో చేసిన పనిని కృష్ణమూర్తి మన పల్లెల్లో చేయించారు. ఊరూరా తిరిగి రైతుల మాటలు పోగుచేసి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962లో వచ్చింది. చేనేత పదాలది 1971. దుక్కి, విత్తనం, కోతల మాటలు ఎక్కడ ఎలా మారుతున్నాయో చూసి తెలుగు నేలను తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మాండలికాలుగా గుర్తించారు. ఇలాంటి పని ఒక్కరితో అయ్యేది కాదు. జట్టును నడిపిన మనిషికి జట్టు కట్టి సంచిక తేవడంలో వింతేముంది?

అదే ఏడు, అదే ఇలాకా

తార్నాక దాటి ఉప్పల్ దారిలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని నిలబెట్టిన పుష్ప మిత్ర భార్గవ కూడా 1928లోనే, ఫిబ్రవరి 22న పుట్టారు. పక్కనే ఉన్న ప్రాంతీయ పరిశోధనశాలలో (నేటి ఐఐసీటీ) ఒక విభాగంగా ఉన్న పని 1977లో ప్రత్యేక సంస్థ అయింది. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, ఒకరు శాఖనూ ఇంకొకరు సంస్థనూ కట్టారు.

కృష్ణమూర్తి 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి 'ద ద్రావిడియన్ లాంగ్వేజెస్' వెలువరించారు. ఎమెనో నూట ఒక్కేళ్ల వయసులో, 2005లో కన్నుమూశారు. శిష్యుడు 2012 ఆగస్టు 11న వెళ్లిపోయారు.

ఎమెనో సంచిక నాలుగేళ్లు, కృష్ణమూర్తి సంచిక మూడేళ్లు ఆలస్యంగా వచ్చాయి. వ్యాసాలు తెప్పించడం, సరిదిద్దడం, అచ్చుతప్పులు చూడడం అంత పని. 2028 జూన్ 19 కృష్ణమూర్తి శతజయంతి. ఆ రోజుకు సంచిక చేతిలో ఉండాలంటే ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ, ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు వ్యాసాల కోసం ఉత్తరాలు ఇప్పుడే రాయాలి.