అయ్యవార్లకు లోపము చెప్పు పద్ధతి

మా పాఠశాలలో నెలకొకమాఱు ఒక్కొక్క ఉపాధ్యాయుని పాఠమును మేము వెనుక బల్లపై కూర్చుండి విందుము. పిల్లలు ఇంటికి పోయి ఇది తనిఖీ యని చెప్పగా, ‘అయ్యవారి నేమైన అన్నారా?’ యని తలిదండ్రులు కొందఱు మమ్మడిగిరి. కావున ఆ పద్ధతిని ఇచ్చట వివరించుచున్నాము.

తనిఖీ యనగానే మన బడులలో జంకు పుట్టుట క్రొత్త కాదు. ఇనస్పెక్టరు వచ్చు దినమున తోరణములు కట్టి, బాగుగా చదువు నలుగురిని ముందు వరుసకు తెచ్చుట పలువు రెఱిగినదే. భయపడిన ఉపాధ్యాయుడు తన లోపమును దాచుకొనును. అందువలన నష్టపడువాడు వెనుక వరుసలోని బాలుడు.

అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అను విదుషి ఆసుపత్రులలోని నర్సుల బృందములను పరిశీలించి 1996లో ప్రకటించిన వ్యాసమున ఒక వింత కలదు. నాయకత్వము బాగుగా నున్న బృందములలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనవి. అచ్చటివారు పొరపాటును చెప్పుకొనుటకు వెఱవకుండుటయే కారణమని ఆమె భావించినది.

ఇక మా పద్ధతి. ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తి పలుకు అక్షరములకు తమిళ లిపిలో వేఱు గుర్తులు లేవు. వీధిలో తమిళము, ఇంట తెలుగు పలుకు మన పిల్లలు ‘ధనము’ను ‘దనము’ అని వ్రాయుట సహజము. ఉక్తలేఖనమున అట్టి తప్పులు చూచితి మనుకొనుడు. ‘మీకు ఉచ్చారణ నేర్పుట రాదు’ అన్నచో విన్నవారు వాదింతురు, లేదా ముడుచుకొందురు. ‘వెనుక వరుసలో ముగ్గురు ధకారమునకు దకారము వ్రాసిరి, మీకేమి తోచుచున్నది?’ యన్నచో ఇద్దఱి చూపును పిల్లల నోటుపుస్తకము మీదికి పోవును. ఉపాయము తఱచు వారి నోటనే వచ్చును. అరచేతిని పెదవుల యెదుట నుంచి, ఊపిరి తగులుట పిల్లలచే గమనింపజేయుట ఒక ఉపాధ్యాయిని అట్లు చెప్పినదే. మాకు తోచియుండలేదు.

ఈ మాటలు పిల్లల యెదుట గాని, ఉపాధ్యాయుల గదిలో పదుగురి నడుమ గాని ఆడము. ఆ దినముననే ఇద్దఱము కూర్చుండి మాటాడుదుము. ఒకమాఱు ఒక్క లోపమే. పుస్తకములో వ్రాయబోవు వాక్యమును ముందుగా వారికి చదివి వినిపింతుము. తెలియక వ్రాసిన వ్రాతయే అన్నిటికంటె ఎక్కువ భయపెట్టును. వారము గడచిన పిదప ఆ తరగతికే మరల పోయి చూతుము.

బాలునిపై చేయి చేసికొనుట మాత్రము ఈ కోవలోనిది కాదు. అచ్చట ఉపాయములు వెదకుచు కూర్చుండము, కూడదని ఖండితముగా చెప్పుదుము. అదియును నలుగురిలో కాదు.

తలిదండ్రులకు ఒక మనవి. పాఠములో లోటు కనబడినచో గేటు కడ గుంపులో అనక, పిల్లవాని నోటుపుస్తకమును తీసికొని బడి విడిచిన పిదప ఆ అయ్యవారి కడకే రండు. అచ్చట తేలనిచో మా గది తలుపు తెఱచియే యుండును.