చేతిలోంచి జారని బంతి... ఆ డిజైనూ ఓ కొలువే!

2022 ఆగస్టు 2. బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో లాన్‌ బౌల్స్‌ మహిళల ఫోర్స్‌ ఫైనల్‌. లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి తిర్కీ కలిసి దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించారు. ఈ ఆటలో మన దేశానికి వచ్చిన తొలి కామన్వెల్త్‌ పతకం అదే, అదీ బంగారం. వాళ్లలో ఒకరు జార్ఖండ్‌ పోలీసు కానిస్టేబుల్‌, ఇంకొకరు ఢిల్లీలో స్కూలు పీఈటీ. ఆ రాత్రి దేశమంతా వాళ్ల పేర్లు చదివింది. వాళ్ల చేతుల్లోని బౌల్‌ మీద ఉండే చిన్న చిన్న గుంటల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఈ వారం ముచ్చట ఆ గుంటల గురించే.

ఆట తేలిగ్గానే అర్థమవుతుంది. పచ్చిక మీద దూరంగా జాక్‌ అనే చిన్న తెల్ల బంతి ఉంటుంది. మన బౌల్‌ను దొర్లించి దానికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. మన గోలీలాటకు పెద్దన్న అనుకోండి. కాకపోతే ఈ బౌల్‌ పూర్తిగా గుండ్రంగా ఉండదు. ఒక పక్క ఆకారం కాస్త తేడాగా చెక్కి ఉంటుంది. అందుకే వేగం తగ్గేకొద్దీ ఒక వైపు ఒరుగుతూ వంపు తిరుగుతుంది. లోపల సీసం పెడతారని చాలామంది అనుకుంటారు గానీ ఇప్పటి బౌల్స్‌లో వంపంతా ఆకారంతో వచ్చేదే.

వ్యాసం దాదాపు 12 సెంటీమీటర్లు, బరువు సుమారు కిలోన్నర. ఒకప్పుడు లిగ్నమ్‌ వైటీ అనే బరువైన చెక్కతో చేసేవారు. తర్వాత గట్టి రబ్బరు, ఆపైన ప్లాస్టిక్‌ వచ్చాయి. ప్లాస్టిక్‌ వచ్చాక బౌల్స్‌ అన్నీ ఒకే తీరుగా తయారయ్యాయి, నునుపూ వచ్చింది. నునుపుతోపాటే తంటా కూడా వచ్చింది. వాన తుంపర్లు పడ్డా, చేతికి చెమట పట్టినా, చలికి వేళ్లు బిగుసుకున్నా కిలోన్నర బంతి జారుతుంది. వదిలే క్షణంలో వెంట్రుకవాసి జారినా అది నిటారుగా దొర్లకుండా ఊగుతూ పోతుంది. జాక్‌ పక్కన ఆగాల్సింది ఎక్కడో ఆగుతుంది. పట్టు కోసం ఆటగాళ్లు చేతికి మైనం లాంటివి రాసుకునేవారు, ఇప్పటికీ రాసుకుంటారు. కంపెనీలు మాత్రం బౌల్‌ ఒంటి మీదే పట్టు చెక్కడం మొదలుపెట్టాయి. ఒకరు చిన్న గుంటలు, ఒకరు నెలవంక గీతలు, ఇంకొకరు వేలు కూర్చునే పల్లాలు పెట్టారు.

గుంట చెక్కితే పనైపోతుందా? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

డోర్నకల్‌ జంక్షన్‌లో పెరిగినవాళ్లకు ఇంజిన్‌ సంగతి తెలిసే ఉంటుంది. తడిసిన పట్టాల మీద చక్రం జారకుండా ఇంజిన్‌ ఇసుక చల్లుకుంటుంది. ఇనుము మీద ఇనుముకు పట్టు కావాలంటే మధ్యలో గరుకు ఉండాలి. చేతి సంగతి వేరు. చర్మం మెత్తన, అందుకే వేలు గుంటలోకి కొంచెం దిగి అంచుకు తట్టుకుంటుంది. తడి ఉంటే ఆ నీళ్లు పోవడానికి గుంట దారిస్తుంది, టైరు గాళ్ల లాగే. మరి అంచు ఎంత పదునుగా ఉండాలి? మొద్దుగా ఉంటే పట్టు రాదు. మరీ పదునైతే వదిలేటప్పుడు వేలికి తగులుకుని బంతి ఊగుతుంది. గట్టిగా పట్టుకోవాలి, శుభ్రంగా వదలాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే డిజైనర్‌ పని.

ఇంకో షరతుంది. బౌల్‌ నేలను తాకుతూ దొర్లే నడిమి పట్టీని ముట్టుకోకూడదు. వేగం తగ్గి ఒరిగినప్పుడు ఆ పట్టీ ఒక పక్కకు జరుగుతుంది, కాబట్టి గుంటలు దానికీ అందనంత ఎడంగా ఉండాలి. పైగా రెండు వైపులా సమానంగా చెక్కాలి. ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాం. 12 సెంటీమీటర్ల గోళం ఘనపరిమాణం దాదాపు 905 ఘన సెంటీమీటర్లు. 1500 గ్రాముల్ని దానితో భాగిస్తే ఘన సెంటీమీటరుకు 1.66 గ్రాములు. ఒక్కో గుంట అర ఘన సెంటీమీటరు అనుకుంటే, పక్కకు పదహారు గుంటలు పెడితే ఒక పక్క 13 గ్రాములు పోతాయి. రెండో పక్క లోతు కాస్త తగ్గిందంటే బరువు ఒక వైపు మొగ్గుతుంది, వంపు మారుతుంది. వరల్డ్‌ బౌల్స్‌ పరీక్షలో నెగ్గి ముద్ర పడితేనే బౌల్‌ పోటీలకు పనికొస్తుంది. ఇంటర్‌ లెక్కలు దేనికి పనికొస్తాయని అడిగే తమ్ముళ్లకు ఇదీ ఓ జవాబు.

ఈ బౌల్స్‌కు పేరున్న కంపెనీలు గ్లాస్గో, లివర్‌పూల్‌, మెల్‌బోర్న్‌లలో ఉన్నాయి. మన దగ్గర ఆట సామాన్ల ఊళ్లంటే జలంధర్‌, మీరట్‌. నిజం చెప్పాలంటే లాన్‌ బౌల్స్‌ ఒక్కదాన్నే నమ్ముకుని మన దేశంలో ఉద్యోగం వెతకడం తెలివైన పని కాదు. కానీ పట్టు అనే సమస్య తెలిసినవాడికి పని దొరికే చోట్లు చాలా ఉన్నాయి. డ్రిల్లింగ్‌ మెషిన్‌ పిడి, ఆస్పత్రిలో డాక్టరు పట్టుకునే పరికరం, చేతికర్ర, బైకు హ్యాండిల్‌, ఆఖరికి నీళ్ల సీసా మూత, అన్నింటికీ ఎవరో ఒకరు ఈ కొలతలే తీస్తున్నారు. ఆ కొలువుకు పేరు ప్రొడక్ట్‌ డిజైనర్‌. మనిషి శరీరానికి వస్తువును కుదిర్చే శాస్త్రం ఎర్గనామిక్స్‌.

డోర్నకల్‌ నుంచి దారి ఎటు? రైలు విజయవాడ వైపు ఎక్కితే అమరావతి ప్రాంతంలో నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ ఉంది. హైదరాబాద్‌ వైపు వెళితే కందిలో ఐఐటీ డిజైన్‌ విభాగం ఉంది. మొదటిదానికి ఎన్‌ఐడీ సొంత పరీక్ష డ్యాట్‌ రాయాలి. రెండోదాని బీడిజైన్‌కు యూసీడ్‌ రాయాలి, దాన్ని ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. ఎంపీసీ వాళ్లకే అనుకోకండి, ఇంటర్లో సీఈసీ చదివినవాళ్లూ ఈ రెండూ రాయొచ్చు. బీటెక్‌ మెకానికల్‌ చేసినవాళ్లకు ఎండిజైన్‌ ఉంది, ఐఐటీల్లో దానికి సీడ్‌ పరీక్ష. ఫీజులు తక్కువేం కావు. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్‌ల వివరాలు ముందే కనుక్కుని ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

‘నాకు బొమ్మలు రావు’ అని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది. గీత కొంత రావాలి, కాదనను. కానీ ఈ పరీక్షలు చూసేది అందమైన బొమ్మ వేశారా లేదా అన్న ఒక్కదాన్నే కాదు. ఒక వస్తువు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో కనిపెట్టే కన్ను మీకుందా అన్నది కూడా చూస్తాయి. ఆ కన్ను ఊళ్లో ఉన్నవాళ్లకే ఎక్కువ అంటాను. కొడవలి పిడి జారుతుంటే సైకిల్‌ ట్యూబు ముక్క చుట్టే అమ్మ చేసింది గ్రిప్‌ డిజైనే. పార కామ చేతికి ఎక్కడ బొబ్బ తెప్పిస్తుందో మిరప చేన్లో పనిచేసినవాళ్లకు తెలిసినంతగా ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు తెలీదు.

ఈ సెలవుల్లో ఒక పని చేసి చూడండి. ఇంట్లో కొడవలి పిడినో, పార కామనో తీసుకోండి. నలుగురి చేతుల కొలతలు రాసుకోండి, అందులో ఆడవాళ్లవి తప్పకుండా ఉండాలి. బంకమట్టితో మూడు రకాల పిడులు చేసి ఆరనివ్వండి. చేయి తడిపి ఒకసారి, పొడిగా ఒకసారి పట్టుకోమనండి. ఎవరు ఏమన్నారో, ఎక్కడ జారిందో నోటుబుక్కులో తేదీతో సహా రాయండి, ఫొటోలు తీయండి. డిజైన్‌ కాలేజీలు ఇంటర్వ్యూల్లో అడిగే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే అవుతుంది. ప్రవేశ పరీక్షల దరఖాస్తులు సాధారణంగా దసరాకు కాస్త అటూ ఇటూగా మొదలవుతాయి.