చెంచా వంకర ఎంత దూరం నుంచి తెలుస్తుంది?

ఆత్మకూరు పాఠకురాలు ఒకరు అడిగారు: ‘‘ఉదయగిరి చెక్క చెంచాను దగ్గర పెట్టుకుని చూస్తే కాడ మీది నగిషీ గీత గీతా కనిపిస్తుంది. కాడ కాస్త వంకర పోయిన సంగతి మాత్రం దాన్ని గూట్లో పెట్టి అవతలికి వెళ్తేనే తెలిసింది. రెండూ ఒక్క చూపులో ఎందుకు అందవు?’’ ఇంత చక్కటి ప్రశ్న వస్తే ఈ నెల ఇంకో విషయం ఎత్తుకోవడం నా వల్ల కాదు.

కంటి సంగతి క్లుప్తంగా. రెటీనా నడుమ ఉన్న ఫోవియా దగ్గరే చూపు బాగా పదును. దాని మేర రెండు డిగ్రీలు, చెయ్యి చాచితే బొటనవేలి గోరంత. ఆ చుట్టూ పోనుపోనూ మసకే.

అసలు విశేషం మెదడులో ఉంది. 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ నావన్ చిన్న అక్షరాలు పేర్చి పెద్ద అక్షరం కట్టాడు. ఎస్‌లన్నీ కలిసి ఒక హెచ్ అన్నమాట. చూసినవాళ్లను చిన్నవాటి పేరు చెప్పమంటే పెద్దది అడ్డుపడింది. పెద్దదాని పేరు చెప్పమంటే చిన్నవి అడ్డుపడలేదు. మెదడు ముందు మొత్తాన్ని, ఆ తర్వాతే వివరాన్ని పట్టుకుంటుందని నావన్ తేల్చేశాడు.

తొందరపడ్డాడు! 1979లో కించ్లా, వుల్ఫ్ అనే పరిశోధకులు ఇలాంటి అక్షరాలనే సైజు మార్చి మార్చి చూపించారు. పెద్ద అక్షరం కంటి దగ్గర చేసే కోణం సుమారు ఏడు డిగ్రీల లోపు ఉంటే నావన్ మాటే నెగ్గింది. అది దాటితే అంతా తారుమారు, చిన్న అక్షరాలే ముందు అందాయి. ఏది ముందు కనిపిస్తుందో కోణం తేలుస్తోంది!

ఇక చెంచా లెక్క. 15 సెంటీమీటర్ల చెంచాను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 28 డిగ్రీలు. అక్కడ నగిషీదే రాజ్యం. చెయ్యి చాచి 60 సెంటీమీటర్లకు జరిపినా 14 డిగ్రీలు. మీటరున్నర అవతల పెడితే గానీ ఆరు డిగ్రీల లోపుకి రాదు. వంకర పట్టుబడేది అక్కడ. కానీ అంత దూరంలో ఆకురాయి ఆడదు. చెక్కే దూరం వేరు, బేరీజు వేసే దూరం వేరు. చేత్తో నగిషీ చెక్కేవారికి రెండూ కావాలి, మార్చి మార్చి కావాలి.

డిజైన్ నేర్పేవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పాలి. పిల్లలు తెర మీద బొమ్మను పెంచి పెంచి గీతలు సరిదిద్దుతున్నారు. పెంచిన ప్రతిసారీ కోణం పెరిగి మొత్తం చెయ్యిజారుతుంది. లేచి మూడడుగులు వెనక్కి వేసేవాణ్ణి పని మానేశాడని కసరకండి. పనిలో సగం అదే.